పాత వీడియోలలోని గీతలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోను, వాని చుట్టుపట్ల గ్రామములలోను, పాత యినుప పెట్టెలు తెఱచి చూచినచో అనేక గృహములందు ఒకటి రెండు వీడియో క్యాసెట్లు కనబడును. ఒకటి పెండ్లి నాటిది, ఒకటి పుట్టువెంట్రుకల నాటిది, మఱియొకటి పాఠశాలా వార్షికోత్సవమున పిల్లవాడు వేషము గట్టిన నాటిది. మన ప్రాంతపు పురుషులు వేలకొలదిగా దుబాయి, మస్కటు, సౌదీ మొదలగు దేశములకు జీవనార్థమై పోయినవారు. తమ యింట జరిగిన శుభకార్యమును వారు కన్నులార జూచుటకు క్యాసెట్టే ముఖ్యాధారముగా నుండిన కాలమొకటి కలదు. సెలవుపై వచ్చువారు కెమేరాలను దెచ్చుటయు, తిరిగి పోవువారు క్యాసెట్లను గొంపోవుటయు జరుగుచుండెను.

వార్షికోత్సవముల వీడియోలను కంప్యూటరుపై కూర్చి సిద్ధపఱచు పని కొన్ని సంవత్సరములుగా నా వంతునకు వచ్చినది. ఆ సంగతి దెలిసిన తల్లిదండ్రులు కొందఱు తమ యింటి క్యాసెట్లను గూడ దెచ్చి చూపుదురు. వారు తఱచుగా నడుగునది యొక్కటే ప్రశ్న: "సారూ, బొమ్మ కదిలినప్పుడల్లా గీతలు పడుతున్నయి. జర అవి తీసేయరాదా?"

తీసివేయవచ్చును. కాని ఆ గీతలు ఏమో యెఱుగకుండ తీసివేసినచో, వానితోపాటు మనకు మిక్కిలి ప్రియమైన దేదియో పోవును. ఈ సంగతిని మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట విద్యార్థులు తామే పరీక్షించి చూడదగిన విషయ మొకటి చెప్పెదను. అట్టి వీడియోను కంప్యూటరుపై నాడించుచు, ఎవరైనను చేయి విసరిన క్షణమున దానిని నిలుపుడు. చేతి యంచు వెంబడి దువ్వెన పండ్లవలె సన్నని యడ్డగీతలు కనబడును. ఆ చేతికి వెనుకనున్న గోడను జూడుడు. అక్కడ నొక్క గీతయు లేదు. కదలక కూర్చున్న తాతగారి మొగమును జూడుడు, అక్కడను లేదు. ఈ గీతలు దుమ్మువలన గాని, టేపు చెడుటవలన గాని వచ్చినవైనచో గోడమీదను, తాతగారి మొగముమీదను గూడ నుండవలెను గదా! కదలిక యున్నచోటనే పుట్టి, నిశ్చలముగా నున్నచోట లేకపోవుటచేత, ఇవి మరకలు కావనియు, కదలికకు సంబంధించినవనియు స్పష్టమగుచున్నది.

ఆ సంబంధమును గ్రహించుటకు టెలివిజను పుట్టిన నాటి కథ కొంత దెలియవలెను. సినిమా ఫిల్ముపై నిండు చిత్రములు వరుసగా నుండును. అవి సెకనునకు 24 చొప్పున తెరపై పడును. టెలివిజను అట్లు గాక, చిత్రమును అడ్డగీతలుగా విభజించి, పైనుండి క్రిందికి ఒక్కొక్క గీతను చదివి పంపును. సెకనునకు 25 నిండు చిత్రములను బంపినచో కదలిక బాగుగనే యుండును గాని, నాటి గాజు గొట్టపు తెరపై వెలుగు వచ్చి పోవుచుండుటచే కన్నులకు మిణుకుమిణుకుమని బాధ కలుగును. 50 నిండు చిత్రములను బంపినచో ఆ బాధ తగ్గును గాని, ప్రసార మార్గము రెట్టింపు వెడల్పు గలది కావలసివచ్చును. అంతటి మార్గము ఆనాడు సులభముగా లభించునది కాదు.

ఈ చిక్కును విప్పుటకు జర్మనీ దేశీయుడగు ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లో ఒక యుపాయమునకు పేటెంటు కోరెను. అమెరికాలో రాండల్ బల్లార్డ్ 1932లో అట్టి దానికే పేటెంటు కోరెను. చిత్రములోని 1, 3, 5, 7 మొదలగు బేసి గీతలను ఒక తడవ, 2, 4, 6, 8 మొదలగు సరి గీతలను మఱియొక తడవ పంపుటయే ఆ యుపాయము. పంపునది ప్రతి తడవయు సగము చిత్రమే. కాని సెకనునకు 50 తడవలు తెర వెలుగుటచే కన్ను మోసపోయి నిండు చిత్రమును జూచినట్లే భావించును. ఈ పద్ధతికి ఇంటర్లేసింగ్ అని పేరు. అర్ధచిత్రమును ఫీల్డు అనియు, రెండు అర్ధములు కూడిన నిండు చిత్రమును ఫ్రేము అనియు వాడుక. 1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసునుండి బీబీసీవారు ప్రసారములు ప్రారంభించినప్పుడు పోటీగా నుండిన రెండు పద్ధతులలో, 405 గీతలు గల యింటర్లేసు పద్ధతియే తుదకు నిలిచెను.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ఆరంభమయ్యెను. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రముల గ్రామములకు ప్రసారములు జరిగెను. వానిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో రంగుల ప్రసారములు వచ్చెను. మనము స్వీకరించిన పద్ధతిలో నిండు చిత్రమునకు 625 గీతలు. సెకనునకు 25 నిండు చిత్రములు, అనగా 50 అర్ధచిత్రములు. ఆ గీతలలో కొన్ని సంకేతముల కొఱకు పోగా, డిజిటల్ వీడియోలో చిత్రమునకు మిగులునవి 576. కావున ఒక్కొక్క అర్ధచిత్రమున 288 గీతలు మాత్రమే యుండును. 1995లో వచ్చిన డీవీ క్యాసెట్టు కెమేరాలు సైతము, టెలివిజనుపై జూచుటకే యుద్దేశింపబడినవగుటచే, ఈ పద్ధతినే యనుసరించెను.

గాజు గొట్టపు తెరపై ఈ రెండు అర్ధములు ఒకదాని తరువాత నొకటి వచ్చుచుండుటచే చిక్కు లేదు. నేటి కంప్యూటరు తెర అట్లు గాక 576 గీతలను ఒక్కమాఱే చూపును. బేసి గీతలు ఒక క్షణమునకును, సరి గీతలు సెకనులో 50వ వంతు తరువాతి క్షణమునకును సంబంధించినవి. విద్యార్థులు లెక్క వేసి చూతురు గాక: పందెమున పఱుగెత్తు బాలుడు సెకనునకు 5 మీటర్లు పోవుననుకొందము. 50వ వంతు సెకనులో అతడు 10 సెంటీమీటర్లు ముందుకు జరుగును. కావున బేసి గీతలలో అతని ముక్కు ఒకచోటను, సరి గీతలలో 10 సెంటీమీటర్ల దూరమునను ఉండును. ఈ రెంటిని కలిపి యొక్కటిగా చూపినప్పుడు దువ్వెన పండ్లు గాక మఱేమి కనబడును? అవి రెండు క్షణములను ఒక్క తెరపై నుంచుటచే గలిగినవి.

ఈ సంగతిని నాకంటె బాగుగ చెప్పినవాడు సిరిసిల్లలో సాంచాలపై పనిచేయు నొక విద్యార్థి తండ్రి. మరమగ్గములను అక్కడ సాంచాలందురు. 2017లో ప్రభుత్వమువారు ఆ పట్టణపు సాంచాలపైన బతుకమ్మ చీరలను నేయించిరి. ఆయన తన కుమారుని ప్రోగ్రెసు కార్డుపై సంతకము చేయుటకు వచ్చి, నా యెదుటి తెరపై నిలిచియున్న చిత్రమును జూచి, "ఇదేంది సారూ, రెండు బట్టలు కలిపి నేసినట్టున్నది" అనెను. నేను విషయమును వివరింపగా ఆయన నవ్వి యిట్లనెను: "మా పని గూడ గంతే గద సారూ. పడుగుల ఒక పోగు ఇడిసి ఒక పోగు, సగం పోగుల్ని ఒక చట్రం లేపుతది, తక్కిన సగాన్ని ఇంకో చట్రం లేపుతది. ఒక్కోపారి నడుమల నుంచి నాడె ఉరుకుతది. రెండూ ఉంటేనే బట్ట. పోగులు కనబడుతున్నయని సగం పోగులు గుంజేస్తే బట్ట ఏడుంటది?"

ఎడిటింగు శాస్త్రములో ఆ రెండు అర్ధచిత్రములను మార్పు లేకుండ జతపఱచు విధానమునకు ఇంగ్లీషున నేత యను నర్థమిచ్చు పేరే యున్నదని చెప్పగా ఆయన మిక్కిలి సంతోషించెను. అయితే బట్టకును వీడియోకును ఒక భేదము కలదు. బట్టలోని పోగులన్నియు ఒకే కాలమున మన చేతిలో నుండును. వీడియోలోని రెండు సగములు రెండు వేఱు క్షణములవి. గీతలను తొలగించుటలోని కష్టమంతయు ఈ భేదమునందే యున్నది.

తొలగించు విధానములు పలువిధములు. వానిని క్లుప్తముగా చెప్పెదను.

మొదటిది, రెండు అర్ధములలో నొకదానిని పాఱవైచి, మిగిలిన 288 గీతలను 576గా సాగదీయుట. గీతలు పోవును, వానితో సగము చిత్రమును పోవును. పట్టుచీర జరీ యంచు మెట్లుమెట్లుగా కనబడును. సన్నని యక్షరములు విఱిగిపోవును. సెకనునకు 50 క్షణములుండుటకు మాఱు 25 మాత్రమే మిగులును.

రెండవది, రెండు అర్ధములను కలిపి సరాసరి చేయుట. గీతలు మాయమగును గాని, కదలుచున్న ప్రతి వస్తువునకును పలుచని రెండవ రూపమొకటి తోడగును. పఱుగెత్తు బాలుడు ఇద్దఱు బాలురగును. నిలిచియున్న చిత్రము సైతము కొంత మసకబాఱును. చూచువారు దీనిని క్యాసెట్టు పాతబడుటవలన వచ్చిన మసక యనుకొందురు గాని, అది మన చేతిపనియే.

మూడవది, ప్రతి అర్ధచిత్రమును ఒక నిండు చిత్రముగా విస్తరించి, సెకనునకు 50 చిత్రములుగా చూపుట. ఇందు ఏ క్షణమును పోదు. కదలిక గాజు తెర నాటివలెనే నున్నగా నుండును. కాని ప్రతి చిత్రమునను లేని గీతలను ఊహించి నింపవలెను. ఊహ సరిగా లేకున్నచో గోడలు, గడపలు మొదలగు నిశ్చల వస్తువుల యంచులు పైకి క్రిందికి వణకును.

నాల్గవది, యంత్రమే చిత్రమును స్థలము వెంబడి స్థలముగా పరీక్షించుట. కదలిక లేనిచోట రెండు సగములను యథాతథముగా కూర్చి సంపూర్ణ స్పష్టతను నిలుపును. కదలిక యున్నచోట మాత్రము చుట్టుపట్ల గీతలను, ముందు వెనుకల చిత్రములను జూచి లేని గీతను నింపును. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ఉచిత సాఫ్టువేరులోని యాడిఫ్ ఇట్టిది. అందే గల డబ్ల్యు3ఎఫ్‌డిఫ్ అను సాధనము బీబీసీ పరిశోధన శాఖలో మార్టిన్ వెస్టన్ కనుగొన్న విధానమును అనుసరించినది; ఈ రెంటి గుణములను కూర్చి బీడబ్ల్యుడిఫ్ అనునది వచ్చెను. కదలిక యే దిక్కునకు పోవుచున్నదో లెక్కించి నింపు క్యూటీజీఎంసీ యను సాధనము ఇంకను మేలైన ఫలమునిచ్చును గాని, కాలము మిక్కిలి పట్టును. వీనిలో ననేకము మూడవ విధానముతో జేరి, సెకనునకు 50 చిత్రములను ఇయ్యగలవు.

ఏ విధానమునకైనను రెండు సంగతులు ప్రాణము. ఏ సగము ముందు తీయబడినదో యంత్రమునకు సరిగా చెప్పవలెను. మన డీవీ క్యాసెట్లలో క్రింది సగము ముందు. తరువాత వచ్చిన హెచ్‌డీవీ క్యాసెట్లలో పై సగము ముందు. ఇది తాఱుమాఱైనచో, బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలు ఒక యడుగు ముందుకు, ఒక యడుగు వెనుకకు వేయుచు వణకుచున్నట్లు కనబడుదురు. రెండవది, గీతలను తొలగింపకుండ చిత్రము పరిమాణమును మార్చరాదు. మార్చినచో బేసి గీతలు సరి గీతలలో కలిసిపోవును. పాలలో కలిసిన నీటిని వేఱుచేయుట యెట్టిదో, తరువాత వానిని వేఱుచేయుట యట్టిది.

ఇంతవఱకు చెప్పినది యంత్రశాస్త్రము. ఇందు మనుష్యుల సుఖదుఃఖములకు గల సంబంధమును ఒక యుదాహరణముచే చెప్పెదను.

కోరుట్లకు సమీపముననున్న యొక గ్రామమునుండి ఒక తల్లి వచ్చెను. ఆమె భర్త గల్ఫు దేశమున పనిచేయుచు 2011లో అక్కడనే మరణించెను. అప్పటికి కుమారునకు సంవత్సరము నిండలేదు. ఆ బాలుడు మన పాఠశాలలో చదివెను. తండ్రి ఫోటోలు ఇంట రెండున్నవి గాని, ఆయన కదలుచున్న చిత్రము 2006 నాటి పెండ్లి క్యాసెట్టులో తప్ప వేఱెచ్చటను లేదు. ఆ క్యాసెట్టును ఒక స్టూడియోలో డీవీడీగా మార్పించిరి. గీతలు లేకుండ చేసి యిచ్చిరి. ఆమె ఆ డీవీడీని నాకిచ్చి, "గీతలైతే లేవు సారూ, గని మనిషి ఆయన లెక్క లేడు" అనెను.

ఆమె మాట మొదట నాకర్థము కాలేదు. చూడగా తెలిసినది. గీతలను పైన చెప్పిన రెండవ విధానమున సరాసరి చేసి తుడిచియుండిరి. భర్త కూర్చున్నంతసేపు మొగము మొగమువలెనే యున్నది. లేచి నడచినంతనే నీడ వెంట నీడ పడి, కాలు నేలపై మోపుటయు ఎత్తుటయు ఒకదానిలో నొకటి కలిసిపోయెను. నేను క్యాసెట్టు నడుగగా, అదృష్టవశమున ఆమె దానిని పాఱవేయలేదు. పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో దాచియుండెను. దానిని కెమేరాలో నుంచి, ఫైర్‌వైరు తీగెతో కంప్యూటరునకు యథాతథముగా నెక్కించితిని. గంట క్యాసెట్టు సుమారు 13 గిగాబైట్లయ్యెను. తరువాత క్రింది సగము ముందని నిర్ణయించి, సెకనునకు 50 చిత్రములుగా గీతలను తొలగించితిని.

ఆయన పెండ్లి పందిటిలో రెండు కుర్చీలను చేతబట్టుకొని వాకిలి దాటు ఘట్టమొకటి కలదు. మొత్తము 6 సెకనులు. అనగా 300 అర్ధచిత్రములు. కుడి భుజము కొంచెము ముందునకు వంచి, కుడి పాదము వెలుపలికి త్రిప్పి వేయుచు ఆయన నడచెను. డీవీడీలో మసకబాఱినది ఈ పాదము త్రిప్పుటయే. తల్లియు కుమారుడును దానిని జూచిరి. ఆమె కొంతసేపటికి, "ఆయన గట్లనే నడుస్తుండె సారూ. వీడు గూడ గట్లనే నడుస్తడు" అనెను. బాలుడేమియు పలుకలేదు, ఇంకొకమాఱు చూపుమని మాత్రము చేతితో సైగ చేసెను. ఆ 6 సెకనులను ఎన్నిమాఱులు చూచితిమో నేను లెక్కింపలేదు.

ఫోటోలో మనిషి రూపముండును, నడక యుండదు. నడక రెండు క్షణముల మధ్యనుండునది. స్టూడియోవారు గీతలు తీసి మేలు చేసితిమనియే తలచియుందురు. సువార్తలోని గురుగుల యుపమానము మన పిల్లలందఱు విన్నదే. గురుగులు పెరుకబోయి గోధుమలను పెరుకుదురేమోయని అందు యజమానుడు భయపడెను. ఇక్కడ గురుగులని తోచినవే గోధుమలు. ఆయన యడుగులు ఆ గీతలలోననే యుండెను.

కావున క్యాసెట్లున్న తల్లిదండ్రులకు నా మనవి యిది. మొదట క్యాసెట్టును గీతలతోడనే, ఏ మార్పు లేకుండ, కంప్యూటరునకు ఎక్కింపుడు. ఆ మూలప్రతిని రెండుచోట్ల భద్రపఱపుడు. గీతలను తొలగించుట వేఱొక నకలుపై చేయుడు. ఎంత మేలైన సాధనమైనను లేని గీతను ఊహించియే నింపును గాని, జరిగిన దానిని యెఱుగదు. ముందుముందు ఇంతకంటె మేలైన సాధనములు వచ్చును. మూలప్రతి యున్నచో వానికి పని యుండును, లేనిచో ఉండదు. పనికి ఇచ్చునప్పుడు, సెకనునకు 50 చిత్రములుగా చేయుడని నోరు దెఱచి యడుగుడు. డీవీడీ వచ్చినదని క్యాసెట్టును పాఱవేయకుడు.

ఆలస్యమును చేయకుడు. టేపుపై పూత కాలక్రమమున క్షీణించును. దానిని ఆడించు యంత్రములు అంతకంటె శీఘ్రముగా అదృశ్యమగుచున్నవి. వీసీఆర్ యంత్రములను తయారుచేయుచు చివరివఱకు నిలిచిన జపానుదేశపు ఫునాయి కంపెనీ 2016 జూలైలో ఆ పనిని మానివేసెను.

విద్యార్థులారా! మీ చేతనున్న ఫోనులు సాధారణముగా నిండు చిత్రములనే తీయును. మీ పిల్లలు ఈ గీతలను ఎఱుగకపోవచ్చును. కాని పాతవానిలో మన కంటికి లోపముగా తోచు గుర్తు లింకను అనేకము మీ జీవితమున మీ కెదురగును. తాతగారి వ్రాతలోని వింత యక్షరము, అమ్మమ్మ పలుకులోని వింత మాట, పాత గోడపైనున్న వింత గాడి, ఇట్టివి. తుడుచుటకు ముందు అది యెట్లు వచ్చెనని యడుగుడు. కొన్ని నిజముగా దుమ్మే, వానిని తుడిచివేయుడు. కొన్ని మాత్రము ఒక మనుష్యుని నడక కావచ్చును.